విపుల్ ఆపరేషన్ వెనకున్న సర్జన్

క్లోమగ్రంథి తలభాగంలో గడ్డ ఉందని సీటీ స్కాన్‌లో తేలిన రోజు నుంచి ఆ ఇంట్లో ఒక పేరు వినిపిస్తూ ఉంటుంది. విపుల్ చేయాలన్నారు. విపుల్ కుదరదన్నారు. ముందు కీమో ఇచ్చి, తర్వాత విపుల్ సంగతి చూద్దామన్నారు. పేరు విని ఎవరో గుజరాతీ డాక్టర్ కనిపెట్టిన ఆపరేషన్ అనుకునేవాళ్లూ ఉంటారు. ఆయన అమెరికన్. పుట్టింది మాత్రం ఇరాన్‌లో. పూర్తి పేరు అలెన్ ఓల్డ్‌ఫాదర్ విపుల్.

నేను ఫిజీషియన్‌ని, సర్జన్‌ని కాను. అయితే కామెర్లతో వచ్చిన మనిషిని మొదట చూసేది మేమే. సర్జన్ దగ్గరకు పంపేదీ మేమే. ఆపరేషన్ అయ్యాకో, కాదన్నాకో వాళ్లు తిరిగి వచ్చేదీ మా ఓపీకే. ఆపరేషన్ చేయిస్తే మనిషి ఎన్నాళ్లుంటాడన్నదే వాళ్ల ప్రశ్న. గడ్డ రక్తనాళాల దాకా పాకిందని తెలిశాక ఆ ప్రశ్న మరింత బరువెక్కుతుంది. పొలం అమ్మాలా వద్దా అన్నది కూడా దాని మీదే ఆధారపడే ఇళ్లున్నాయి. ఒక్క అంకెతో జవాబు చెప్పలేం. కానీ ఆ జవాబును ఏయే సంగతులు నిర్ణయిస్తాయో విపుల్ సొంత కేసులు చాలావరకు చూపిస్తాయి. అందుకే ఈ వారం ఆయన కథ.

ఉర్మియా నుంచి న్యూయార్క్‌కు

1881 సెప్టెంబరు 2న వాయవ్య పర్షియాలోని ఉర్మియా పట్టణంలో విపుల్ పుట్టారు. తల్లిదండ్రులు అమెరికా నుంచి వెళ్లిన ప్రెస్బిటేరియన్ మిషనరీలు. అస్సీరియన్ క్రైస్తవులు, ఆర్మేనియన్లు, తుర్కీ భాష మాట్లాడే ముస్లింలు కలిసి బతికే ప్రాంతం అది. ఇంట్లో ఇంగ్లిష్, వీధిలో మరో మూడు నాలుగు భాషలు. చిన్నప్పుడే ఆ పిల్లవాడికి అవన్నీ వచ్చేశాయి. ఆ నేల మీద మమకారం ఆయనకు చివరిదాకా పోలేదు.

అమెరికా తిరిగొచ్చి 1904లో ప్రిన్స్‌టన్‌లో డిగ్రీ, 1908లో కొలంబియా యూనివర్సిటీలో వైద్య పట్టా పూర్తిచేశారు. 1921లో అక్కడే సర్జరీ ప్రొఫెసరయ్యారు. పాతికేళ్లపాటు, అంటే 1946లో పదవీ విరమణ చేసేదాకా, కొలంబియా, ప్రెస్బిటేరియన్ ఆస్పత్రి సర్జరీ విభాగం ఆయన చేతిలోనే నడిచింది.

ఆ రోజుల్లో సర్జన్ అంటే రాజు. ఫిజీషియన్ పంపిన కేసును కోయడమే ఆయన పని, సంప్రదింపులు ఉండేవి కావు. విపుల్ పద్ధతి వేరు. ప్లీహం జబ్బుల కోసం ఆయన నడిపిన స్ప్లీన్ క్లినిక్‌లో సర్జన్లు, ఫిజీషియన్లు, పాథాలజిస్టులు ఒకేచోట కూర్చుని ఒక్కో రోగి గురించి మాట్లాడుకునేవారు. ఇవాళ పెద్దాస్పత్రుల్లో ట్యూమర్ బోర్డు అంటున్నదానికి దీన్ని తాత అనుకోవచ్చు. పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగి రక్తపు వాంతులు చేసుకునేవారికి ఆ సిరను దారి మళ్లించే ఆపరేషన్లు కూడా ఆ క్లినిక్ చర్చల్లోంచే వచ్చాయి.

మెడిసిన్ విద్యార్థులు ఆయన పేరు ముందుగా వినేది ఆపరేషన్ దగ్గర కాదు, ‘విపుల్ ట్రయాడ్’ దగ్గర. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలకు ఒక్కోసారి చిన్న గడ్డ వస్తుంది. ఇన్సులిన్ ఎక్కువై షుగర్ పడిపోతుంది. మనిషికి చెమటలు, తికమక, స్పృహ తప్పడం. 1930లలో ఇది కొత్తగా తెలిసిన జబ్బు కావడంతో కళ్లు తిరిగిన ప్రతివారి పొట్టా కోసి గడ్డ కోసం వెతికే ఉత్సాహం కనబడింది. విపుల్ మూడు షరతులు పెట్టారు. ఖాళీ కడుపుతో ఉన్నప్పుడో, శ్రమ చేసినప్పుడో లక్షణాలు రావాలి. ఆ సమయంలో రక్తంలో గ్లూకోజు 50 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. గ్లూకోజు ఇవ్వగానే తగ్గాలి. మూడూ ఉంటేనే కత్తి. ఎవరికి కోయకూడదో తేల్చడానికే ఆయన అంత శ్రద్ధ పెట్టారు. నా దృష్టిలో ఆపరేషన్ కంటే ఇదే పెద్ద పని.

అన్నట్టు, 1934లో రక్తహీనత పరిశోధనకు నోబెల్ అందుకున్న జార్జ్ విపుల్ వేరే మనిషి. పేగుల్లో వచ్చే విపుల్ వ్యాధి ఆ జార్జ్ పేరు మీదిది. పరీక్షల్లో ఈ ఇద్దరినీ కలిపేసే కుర్రాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ముగ్గురు రోగులు

క్లోమం జీర్ణాశయం వెనక, వెన్నెముక ముందు అడ్డంగా పడుకుని ఉంటుంది. దాని తలను చిన్నపేగు తొలిభాగం, అంటే డుయోడినమ్, సగం గుండ్రంగా చుట్టుకుంటుంది. కాలేయం నుంచి పైత్యరసం తెచ్చే గొట్టం ఆ తల గుండానే దిగి, ఆంపుల్లా అనే చిన్న ద్వారం దగ్గర పేగులో తెరుచుకుంటుంది. అక్కడ గడ్డ లేస్తే పైత్యరసానికి దారి మూసుకుపోతుంది. కళ్లు పచ్చబడతాయి, మూత్రం ముదురు రంగుకు మారుతుంది, మలం సున్నం కలిపినట్టు తెల్లగా వస్తుంది, ఒళ్లంతా దురద. నొప్పి ఉండకపోవచ్చు.

విపుల్ నాటికి ఈ గడ్డల్ని తీయడానికి చాలామంది ప్రయత్నించారు. ఇటలీలో కోదివిల్లా 1898లో చేశారు, రోగి దక్కలేదు. బెర్లిన్‌లో వాల్టర్ కాష్ 1909లో రెండు దఫాలుగా చేసిన ఆపరేషన్‌లో రోగి కోలుకుని కొన్ని నెలలు బతికారు. కాష్ దాన్ని 1912లో ప్రచురించారు. అందుకే జర్మన్లు దీన్ని కాష్-విపుల్ ఆపరేషన్ అంటారు. న్యాయమే. అయితే డుయోడినమ్ మొత్తం తీసేస్తే మనిషి బతకడన్న నమ్మకం అప్పట్లో బలంగా ఉండేది. కుక్కల మీద ప్రయోగాల్లో అది తప్పని తేలాక విపుల్, ఆయన సహచరులు పార్సన్స్, మల్లిన్స్ ముందుకెళ్లారు.

వాళ్లది కూడా రెండు దఫాల పద్ధతి. మొదటిసారి పైత్యరసానికి పక్కదారి ఏర్పాటు చేసి కామెర్లు తగ్గనిస్తారు. కొన్ని వారాలాగి, మనిషి కాస్త తేరుకున్నాక రెండోసారి పొట్ట తెరిచి డుయోడినమ్‌ను, క్లోమం తలలో కొంత భాగాన్ని తీస్తారు. మిగిలిన క్లోమం ముక్కను పేగుకు కలపకుండా కుట్టేసేవారు.

1935లో అమెరికన్ సర్జికల్ అసోసియేషన్ ముందు విపుల్ చెప్పుకొన్నవి మూడే కేసులు. మొదటి రోగి రెండో ఆపరేషన్ తర్వాత సుమారు 30 గంటల్లో చనిపోయారు. కారణం కుట్లు. జంతువుల పేగుతో చేసే క్యాట్‌గట్ దారం వాడారు. క్లోమరసం మాంసాన్ని అరిగించే రసం, దానికి ఆ దారం ఒక లెక్కా. కుట్లు కరిగి విడిపోయాయి. విపుల్ వెంటనే పట్టుదారానికి మారారు. రెండో రోగి ఆపరేషన్‌ను తట్టుకున్నారు. కానీ పైత్యరసానికి కొత్తగా కలిపిన దారిలో ఇన్ఫెక్షన్ చేరి ఏడాదిలోపే పోయారు. మూడో రోగి సుమారు రెండేళ్లు బతికారు. చివరికి కాలేయానికి పాకిన క్యాన్సర్ తీసుకెళ్లింది.

ముగ్గురూ మూడు వేర్వేరు కారణాలతో పోయారు. ఒకరిది సర్జన్ చేతిలోని దారం. ఒకరిది ఆపరేషన్ తర్వాతి ఇన్ఫెక్షన్. ఒకరిది క్యాన్సర్ స్వభావం. ఆపరేషన్ అంత బాగా జరిగినా అప్పటికే కంటికి కనబడని కణాలు కాలేయం చేరి ఉంటే కత్తి ఏం చేయగలదు? తొంభై ఏళ్ల తర్వాత కూడా ఈ జబ్బులో ఫలితాన్ని నిర్ణయించే అంశాల్ని ఈ మూడు గంపల్లోనే వేయొచ్చు.

ఒక సంగతి మరవకూడదు. ఆ ముగ్గురివీ ఆంపుల్లా దగ్గరి గడ్డలు, అసలు క్లోమం నాళాల్లో పుట్టినవి కావు. ఆంపుల్లా గడ్డ చిన్నగా ఉన్నప్పుడే దారి మూసి కామెర్లు తెప్పిస్తుంది కాబట్టి తొందరగా బయటపడుతుంది. ఆపరేషన్ తర్వాత ఆయుష్షు కూడా మెరుగు. క్లోమం తలలో పుట్టిన క్యాన్సర్‌కు ఇంత విస్తృతమైన ఆపరేషన్‌ను 1937లో షికాగోలో అలెగ్జాండర్ బ్రన్ష్‌విగ్ చేశారు. ఆ రోగి మూడు నెలలైనా బతకలేదు. ఒకే ఆపరేషన్, ఒకే చోటు, కానీ జబ్బు వేరు. పక్కింటాయన విపుల్ చేయించుకుని పదేళ్లు హాయిగా ఉన్నాడని చెప్పుకునే కథల్లో చాలావాటి వెనక ఈ తేడానే ఉంటుంది. బయాప్సీ కాగితంలో ఏం రాసిందో అడగాలి.

పొరపాటున దొరికిన దారి

కామెర్లున్నవారికి ఆపరేషన్ చేస్తే రక్తం ఆగేది కాదు. రెండు దఫాలు పెట్టుకోవడానికి అదొక కారణం. పైత్యరసం పేగులోకి రాకపోతే విటమిన్ కె ఒంటికి పట్టదు. అది లేకపోతే రక్తం గడ్డకట్టే పదార్థాలు తయారుకావు. డెన్మార్క్ శాస్త్రవేత్త హెన్రిక్ డామ్ ఈ విటమిన్‌ను కనుగొన్నారు. 1930ల చివరికల్లా అది ఆస్పత్రులకు చేరింది. సర్జన్ల నైపుణ్యం పెరగడం కన్నా ఈ ఇంజెక్షన్ రావడమే ఆ దశాబ్దంలో ఎక్కువ ప్రాణాలు కాపాడిందని నా అభిప్రాయం. ఫిజీషియన్‌ని కదా, అలాగే అంటాను.

1940 మార్చిలో విపుల్ ఒక మహిళకు జీర్ణాశయ క్యాన్సర్ అనుకుని ఆపరేషన్ మొదలుపెట్టారు. విదేశాల నుంచి వచ్చిన సర్జన్లు చుట్టూ నిలబడి చూస్తున్నారు. జీర్ణాశయాన్ని కోసి విడదీశాక అర్థమైంది, గడ్డ జీర్ణాశయంలో లేదు, వెనకున్న క్లోమం తలలో ఉంది. వెనక్కి వెళ్లే దారి లేదు. ఆమెకు కామెర్లు లేవు, రక్తస్రావం భయం తక్కువ. మొత్తం ఒకే దఫాలో తీసేశారు. అలా ఒకే దఫా ఆపరేషన్ ఆయన చేతిలో మొదలైంది. ఆమె సుమారు తొమ్మిదేళ్లు బతికారు.

ఆ తొమ్మిదేళ్లు ఆపరేషన్ గొప్పతనమేనా? పాథాలజీ వివరాలు చూస్తే కాదనిపిస్తుంది. అది క్లోమంలోని హార్మోన్ కణదీవుల నుంచి పుట్టిన గడ్డ. వీటినే ఇప్పుడు న్యూరోఎండోక్రైన్ ట్యూమర్లు అంటున్నాం. నిదానంగా పెరుగుతాయి. యాపిల్ సంస్థ స్టీవ్ జాబ్స్‌కు వచ్చిందీ ఈ రకమే. ఆయనకు 2004లో ఆపరేషన్ జరిగింది, 2011లో మరణించారు. మామూలుగా మనం భయపడే పాంక్రియాస్ క్యాన్సర్ నాళాల గోడల్లో పుట్టే అడినోకార్సినోమా. అది పాకే తీరే వేరు.

అనుభవం పెరిగేకొద్దీ విపుల్ తన పద్ధతిని తానే మార్చుకుంటూ పోయారు. మిగిలిన క్లోమాన్ని కుట్టి మూసేస్తే జీర్ణరసాలు పేగుకు చేరక తిన్న కొవ్వంతా మలంలో పోతోందని, మూసిన చోట రసం కారుతోందని గమనించి దాన్ని చిన్నపేగుకు కలపడం మొదలుపెట్టారు. జీవితం మొత్తమ్మీద ఆయన చేసినవి 37 ఆపరేషన్లే. దాదాపు ముగ్గురిలో ఒకరు ఆస్పత్రిలోనే పోయేవారు. తన పేరు మోస్తున్న ఆపరేషన్‌ను ఆయన అంత తక్కువగా చేయడానికి, రోగిని ఎంచుకోవడంలో ఉన్న జాగ్రత్త కూడా ఒక కారణమై ఉంటుంది.

రక్తనాళాల్ని చుట్టుకున్నప్పుడు

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. క్లోమం తలకు పక్కనే, మెడ వెనకగా, రెండు పెద్ద రక్తనాళాలు వెళ్తాయి. ఒకటి పేగుల రక్తాన్ని కాలేయానికి తీసుకెళ్లే సిర. రెండోది చిన్నపేగుకూ, పెద్దపేగులో సగానికీ రక్తం అందించే ధమని, సుపీరియర్ మీసెంటెరిక్ ఆర్టరీ. గడ్డ కాలేయానికీ ఊపిరితిత్తులకూ పోకపోయినా, ఈ ధమని చుట్టుకొలతలో సగానికి మించి, అంటే 180 డిగ్రీలు దాటి, చుట్టుకుంటే ‘లోకల్లీ అడ్వాన్స్‌డ్’ అంటారు. పైనున్న సీలియాక్ ధమనిని అలా చుట్టినా, సిరను తిరిగి అతకడానికి వీల్లేనంతగా పట్టేసినా అంతే. జబ్బు ఊరు దాటలేదు, కానీ ఊరి పెద్దకాలువను పట్టుకుంది.

సిర, ధమని అని సర్జన్ ఎందుకంత పట్టుబడతారో రోగి బంధువులకు తెలియాలి. సిరలో ఒక ముక్క తీసి తిరిగి అతకడం అనుభవమున్న చోట సాధ్యమే. ధమని అలా కాదు. దాని చుట్టూ నరాల వల ఉంటుంది. ఈ క్యాన్సర్‌కు నరాల వెంట పాకే అలవాటుంది. గడ్డ తీశామనుకున్నా ధమని మీద కణాలు మిగిలిపోతాయి. పాథాలజిస్టు తీసిన ముక్క అంచులకు సిరా పూసి మైక్రోస్కోపు కింద చూసేది ఇందుకే. అంచు శుభ్రంగా ఉంటే ఆయుష్షు ఎక్కువ, అంచులో కణాలుంటే తక్కువ. విపుల్ కాలంలో ఇలాంటి గడ్డ కనబడితే పొట్ట మూసేసేవారు. చాలాకాలం తర్వాత కూడా అంతే.

పరిస్థితి మారింది కీమోథెరపీతో. నాలుగు మందులు కలిపిన ఫోల్ఫిరినాక్స్ అనే చికిత్స, మరికొన్ని కొత్త కలయికలు వచ్చాక, మొదట ఆపరేషన్‌కు పనికిరాదన్న వారిలో కొందరు కొన్ని నెలల మందు తర్వాత సర్జన్ దగ్గరకు మళ్లీ వెళ్లగలుగుతున్నారు. అందరూ కాదు. ఆ కొందరిలో ఎవరు ఎక్కువకాలం ఉంటారన్నదే ప్రపంచమంతా లెక్కలు కడుతున్న విషయం.

అమెరికాలోని మేయో క్లినిక్ సర్జన్లు తమ రోగుల్ని పరిశీలించి చెప్పినవి మూడు. ఆపరేషన్‌కు ముందు కీమో తగినంత కాలం, ఆరు దఫాలో అంతకు మించో, అందడం. సీఏ 19-9 అనే రక్తపరీక్ష మామూలు స్థాయికి దిగడం. తీసిన గడ్డను మైక్రోస్కోపులో చూసినప్పుడు అందులో క్యాన్సర్ కణాలు చాలావరకు చచ్చిపోయి ఉండటం. మూడూ ఉన్నవారు బాగా నిలిచారు, ఏదీ లేనివారు ఆపరేషన్ అయినా త్వరగా పోయారు. మందుకు లొంగే జబ్బా కాదా అన్న పరీక్ష ఇది. కీమో నడుస్తుండగానే జబ్బు కాలేయానికి పాకితే, అంతకుముందే కోసి ఉన్నా అది ఆగేది కాదు. ముందు కీమో ఎందుకు, గడ్డ పెరిగిపోదా అని ఆందోళనపడేవారికి నేను చెప్పేది ఇదే.

సీఏ 19-9 గురించి ఒక హెచ్చరిక. కామెర్లున్నప్పుడు ఈ అంకె క్యాన్సర్‌తో నిమిత్తం లేకుండా పెరుగుతుంది. పైత్యరసం దారి తెరుచుకున్నాక చూసిందే లెక్క. నూటికి ఐదు నుంచి పది మందిలో రక్తం రకం కారణంగా అసలు ఈ పదార్థమే తయారుకాదు. వాళ్లకు క్యాన్సర్ ఉన్నా పరీక్ష మామూలుగానే వస్తుంది. కాబట్టి ల్యాబ్ కాగితం పట్టుకుని ఇంట్లో నిర్ణయాలు చేయొద్దు. సీటీ స్కాన్‌కూ ఇలాంటి ఇబ్బందే ఉంది. కీమో తర్వాత ధమని చుట్టూ కనబడేది బతికున్న గడ్డో, అది చచ్చాక మిగిలిన మచ్చో ఫిల్ములో తేడా తెలియదు. గడ్డ అంతే ఉందని స్కాన్ చెప్పినా, సీఏ 19-9 పడిపోయి, మనిషి బరువు పుంజుకుంటే అనుభవమున్న సర్జన్ ఒకసారి తెరిచి చూడటానికి ఒప్పుకోవచ్చు.

లింఫ్ గ్రంథుల సంగతి పాతదే. వాటిలోకి జబ్బు చేరిందా, ఎన్నింటిలో చేరిందన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. ఆపరేషన్ తర్వాత కూడా కీమో అవసరం. ఫ్రాన్స్, కెనడా దేశాల్లో జరిగి 2018లో వెలువడిన ఒక పరిశోధనలో గడ్డ తీసేశాక జెమ్సిటబిన్ ఒక్కటే తీసుకున్నవారి మధ్యస్థ ఆయుష్షు 35 నెలలు, మార్చిన ఫోల్ఫిరినాక్స్ తీసుకున్నవారిది 54 నెలలు. వీరంతా ముందే ఆపరేషన్‌కు అనువుగా ఉండి, తర్వాత గట్టి మందుల్ని తట్టుకోగలిగినవారని గుర్తుంచుకోవాలి. రక్తనాళాల్ని చుట్టుకున్న గడ్డలకు ఈ అంకెల్ని నేరుగా అంటగట్టకూడదు.

చేతులు, తిండి, దారం

విపుల్ మొదటి రోగిని తీసుకెళ్లింది దారం. ఆ గంప ఇప్పటికీ ఖాళీ కాలేదు. 1960లు, 70ల దాకా ఈ ఆపరేషన్‌లో నలుగురైదుగురిలో ఒకరు ఆస్పత్రిలోనే చనిపోయేవారు. జార్జ్ క్రైల్ జూనియర్ అనే అమెరికన్ సర్జన్ 1970లో, పాంక్రియాస్ క్యాన్సర్‌కు ఇంత పెద్ద ఆపరేషన్ కన్నా పైత్యరసానికి పక్కదారి వేసి వదిలేయడమే మేలని రాశారు. అప్పటి అంకెల ప్రకారం ఆయన తప్పు మాట్లాడలేదు. తర్వాత జాన్స్ హాప్కిన్స్‌లో జాన్ కామెరాన్ బృందం వరుసగా 145 ఆపరేషన్లు ఒక్క మరణం లేకుండా చేసినట్టు 1993లో ప్రకటించింది. కత్తి అదే, ఆపరేషన్ అదే. ఒకేచోట, ఒకే బృందం, వందలసార్లు చేయడం ఒక్కటే కొత్త.

2002లో అమెరికా మెడికేర్ రికార్డుల మీద జరిగిన అధ్యయనం దీన్ని అంకెల్లో పెట్టింది. క్లోమం ఆపరేషన్లు అతి తక్కువగా చేసే ఆస్పత్రుల్లో మరణాలు 16.3 శాతం, బాగా ఎక్కువగా చేసేచోట 3.8 శాతం. రోగి చేతిలో మార్చుకోగలిగిన అంశాల్లో ఇంత పెద్దది మరొకటి లేదు. మీ ఆస్పత్రిలో ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారని సర్జన్‌ను అడగడంలో అమర్యాద ఏమీ లేదు. మంచి సర్జన్ నొచ్చుకోడు. గోడల పాలరాయి చూసి ఆస్పత్రిని ఎంచుకోవడం కన్నా ఈ ఒక్క ప్రశ్న మేలు.

మనిషి బలం మరో అంశం. బరువు సగం పడిపోయి, మంచానికి అంటుకుపోయిన మనిషి ఇంత ఆపరేషన్‌ను తట్టుకోలేడు, తట్టుకున్నా తర్వాతి కీమో పూర్తిచేయలేడు. ముందు తిండి, షుగర్ అదుపు, నడక. భోజనంతోపాటు క్లోమం ఎంజైమ్ క్యాప్సూల్స్ ఇస్తే తిన్నది ఒంటికి పడుతుంది. విపుల్ తొలి రోగులకు ఈ సౌకర్యం ఇంతగా లేదు. పైత్యరసానికి పక్కదారి అన్న ఆయన మొదటి దఫా పనిని ఇప్పుడు ఎండోస్కోపీ ద్వారా స్టెంట్ వేసి చేస్తున్నాం. అది కూడా అందరికీ అక్కర్లేదు. కామెర్లు మరీ ఎక్కువ కాకుండా, వెంటనే ఆపరేషన్ కుదిరే రోగికి అలవాటుగా స్టెంట్ వేస్తే ఇన్ఫెక్షన్ల బెడద పెరుగుతుందని 2010లో నెదర్లాండ్స్ వైద్యులు చూపించారు. ముందు కీమో తీసుకోవాల్సిన వారికి మాత్రం అది తప్పదు.

మన దగ్గర ఈ లెక్కలన్నిటికన్నా ముందు దెబ్బతీసేది ఆలస్యం. కామెర్లనగానే పసరు మందు, పథ్యం, కొన్నిచోట్ల చేతి మీద వాత. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి కాబట్టి పసరుకు పేరొచ్చింది. గొట్టం మూసుకుపోయి వచ్చే కామెర్లు తగ్గవు. నొప్పి లేకుండా రోజురోజుకూ ముదిరే పచ్చదనం, దురద, తెల్లటి మలం ఉంటే అల్ట్రాసౌండ్ చేయించడానికి వారం కూడా ఆగకూడదు. యాభై దాటాక కొత్తగా షుగర్ వచ్చి, దాంతోపాటు తిండి సయించక బరువు తగ్గుతుంటే డాక్టర్‌కు ఆ రెండూ కలిపి చెప్పండి. గుర్తించే సమయానికి నేరుగా ఆపరేషన్‌కు అనువుగా ఉండేది నూటికి పదిహేను, ఇరవై మందే.

వద్దన్న అమ్మాయి

విపుల్ గురించి రాసేవాళ్లు తప్పక చెప్పే మరో సంగతుంది. 1930లలో ఆయన విభాగంలో సర్జరీ శిక్షణ పొందుతున్న వర్జీనియా అప్గార్ అనే యువ డాక్టర్‌ను, సర్జన్‌గా ఆడవాళ్లకు బతుకుదెరువు కష్టమని, మత్తుమందు విభాగానికి వెళ్లమని ఆయన సలహా ఇచ్చారు. ప్రతిభ లేదని కాదు, ఆమె చేతి నైపుణ్యం ఆయనకు తెలుసు. ఈ కాలంలో ఆ మాట అంటే పెద్ద గొడవయ్యేది, అవ్వాలి కూడా. అయితే సర్జరీ ముందుకు పోవాలంటే మత్తుమందు శాస్త్రం ఎదగాలని, దానికి తెలివైనవాళ్లు కావాలని కూడా ఆయన నమ్మారు. గంటలకొద్దీ సాగే క్లోమం ఆపరేషన్ చేసే మనిషికి ఆ అవసరం తెలియకుండా ఉంటుందా. ఆమె 1938లో ఆ విభాగానికి అధిపతి అయ్యారు. పుట్టిన నిమిషానికి, ఐదు నిమిషాలకు బిడ్డ పరిస్థితిని లెక్కకట్టే అప్గార్ స్కోరు ఆమెదే. మన ప్రసూతి వార్డుల్లో ప్రతి కేస్‌షీట్ మీదా ఆ పేరుంటుంది.

1946లో కొలంబియా నుంచి తప్పుకున్నాక విపుల్ న్యూయార్క్ మెమోరియల్ క్యాన్సర్ ఆస్పత్రిలో కొన్నేళ్లు పనిచేశారు. మనసు మాత్రం పుట్టిన వైపు లాగింది. బీరూట్‌లోని అమెరికన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. ఇరాన్‌లోని షిరాజ్‌లో నెమాజీ ఆస్పత్రి ఏర్పాటుకు సాయపడ్డారు. చిన్నప్పుడు వీధిలో నేర్చిన భాషలు అప్పుడు అక్కరకొచ్చాయి.

1963లో, జీవితం చివరి ఏడాది, ఈ ఆపరేషన్ ఎలా పుట్టిందో ఒక చిన్న జ్ఞాపకంగా రాశారు. అందులో 1940 నాటి ఆ మహిళ కథ, గడ్డ ఎక్కడుందో తెలియక మొదలుపెట్టిన సంగతితో సహా ఉంది. ఆ ఏప్రిల్‌లో 81 ఏళ్ల వయసులో మరణించారు. గాయాలు మానే తీరు గురించి ఆయన రాసిన చరిత్ర అదే ఏడాది అచ్చయింది. గ్రీకు వైద్యాన్ని సిరియాక్, అరబిక్ భాషల్లోకి తెచ్చి కాపాడిన నెస్టోరియన్ క్రైస్తవులు, ముస్లిం వైద్యుల గురించి రాసిన మరో పుస్తకం ఆయన పోయిన నాలుగేళ్లకు, 1967లో వచ్చింది. ఉర్మియాలో ఆయనతో ఆడుకున్న పిల్లల్లో కొందరు ఆ నెస్టోరియన్ల సంతతివారే.